గేటు పేజీలో చివరి వాక్యం

మా పంపుహౌసులో షిఫ్టు రిజిస్టరు రాయడానికి ఒక మర్యాద ఉండేది. ముందు షిఫ్టు మనిషి రాసింది ఎంత తప్పయినా సరే, దాని మీద గీత పెట్టకూడదు. దిద్దకూడదు, కొట్టెయ్యకూడదు, పైన కాగితం అంటించకూడదు. తప్పని తోస్తే అన్నిటికంటే కింద, ఖాళీ ఉన్నచోట, మన మాట రాసి, టైము వేసి, పొట్టి సంతకం పెట్టాలి. అలా చేస్తే పైన రాసినవాడి పరువూ నిలుస్తుంది, కింద చదివినవాడి పనీ జరుగుతుంది. పైగా కొట్టివేతలున్న రిజిస్టరు చూస్తే పై అధికారులకు అనుమానం, ఏదో దాచడానికే కొట్టేశారంటారు. ఈ మర్యాద ఎంత లోతుకు పాతుకుపోయిందో తెలియకుండానే నేను వాళ్ళ చేతికి వికీ ఇచ్చాను.

నా సంగతి కూడా చెప్పాలి. మాది గుంటూరు. పంపులకీ గేట్లకీ కంట్రోల్ సిస్టమ్స్ అమర్చి, వాటి బాగోగులు చూసే కంపెనీలో ఇంజనీరుగా చేస్తున్నాను. కలకత్తా బదిలీ అనగానే అందరూ మిఠాయిల గురించి చెప్పారు గానీ మురుగునీళ్ళ గురించి ఒక్కరూ చెప్పలేదు. షాలిమార్‌లో రైలు దిగిన మూడో రోజుకే గార్డెన్ రీచ్ దాటాక నది ఒడ్డున ఉన్న పంపుహౌసులో తేలాను. ఆటో దిగి పది నిమిషాలు నడిస్తే వాసనే దారి చూపించేది. ఇంకో సంగతి, నాకు ముక్కు మీద కోపం. మా అమ్మ దాన్ని మా నాన్నమ్మ పోలిక అంటుంది, నాన్నమ్మ పోయింది కాబట్టి కాదనేవాళ్ళు లేరు.

అక్కడ పని చెప్పడానికి తేలిక. చుట్టుపక్కల వీధుల వాననీళ్ళూ మురుగునీళ్ళూ ఒక పెద్ద కాలవలోకి వస్తాయి. కాలవ చివర ఇనప గేటు, గేటుకి అవతల నది. నదికి రోజూ ఆటుపోట్లు ఉంటాయి. ఆటులో నది దిగినప్పుడు గేటు తీస్తే కాలవ నీళ్ళు వాటంతట అవే నదిలోకి పోతాయి. పోటులో నది పెరిగినప్పుడు గేటు మూసి పంపులు నడపాలి. పోటులో పొరపాటున గేటు తీశామా, మన నీళ్ళు నదిలోకి పోవడం అటుంచి నదే మన వీధుల్లోకి వచ్చేస్తుంది. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో తెలిసిన మనిషి చేతిలో ఆ పేట అంతా ఉన్నట్టే.

ఆ మనిషిని అందరూ దాదా అనేవాళ్ళు. సీనియర్ ఆపరేటర్. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ చొక్కా పై గుండీ పెట్టుకుని ఉండేవారు. నేను ఆయన్ని బెంగాలీ అనుకున్నాను. మొదటి వారమంతా ఆయన ఎదురుగానే కూచుని ఫోన్లో మా అమ్మతో తెలుగులో ఏడ్చాను. ఇక్కడ సాంబారు పొడి దొరకదనీ, పనివాళ్ళు ఒక్కరూ మాట వినరనీ, ఈ ముసలాయనకి నేను చెప్పేది బుర్రకి ఎక్కదనీ, నన్ను తెచ్చి ఈ బురదలో పడేశారనీ. ఆయన వారం రోజులూ అలాగే విని, ఆదివారం టీ తాగుతూ నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, ఆ సాంబారు పొడి ఇక్కడా దొరుకుద్ది. టికియాపారా పక్క మన దుకానం ఉంది, తెచ్చి పెడతాను. మరి మాట అంటావా, మాటింటాం. నువ్వే కొంచెం మెల్లిగా సెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయ్. వాళ్ళ తాత సిక్కోలు నుంచి ఈ ఊరి కాలవలు తీయడానికి వచ్చాడట. "మా తాత కాలవలోకి దిగినాడు, మా అయ్య కాలవొడ్డు మీద నిలబడినాడు, నాను కుర్సీలో కూకుని బటను నొక్కుతున్నాను," అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా పై గుండీ తడుముకునేవారు. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఆయన పుస్తకంలో ఒక్క ఎర్ర సిరా గుర్తు లేదు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, ఆయన చదువంతా బెంగాలీ. ఊరి నుంచి శుభలేఖ ఏదైనా వస్తే నా దగ్గరికి తెచ్చేవారు. నేను పైకి చదువుతుంటే, కళ్ళు మూసుకుని, పెళ్ళికొడుకు తండ్రి పేరు దగ్గర తలూపేవారు.

వికీ ఆలోచన నాదే. పరికరాల పుస్తకాలన్నీ ఇంగ్లీషులో, ఒక బీరువాలో ఉండేవి, సగం చెదలు చదివేశాయి. అసలు విద్యంతా మనుషుల బుర్రల్లో ఉంది. బాబాయ్ ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, ఆ బుర్ర ఇంటికి వెళ్ళిపోతుంది. అందుకని ఆఫీసు కంప్యూటర్లోనూ అందరి ఫోన్లలోనూ తెరుచుకునే వికీ పెట్టాను. ఒక్కో పంపుకి ఒక పేజీ, జనరేటర్‌కి ఒకటి, గేటుకి ఒకటి. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దొచ్చు, అదే దాని గొప్ప అని అందరినీ కూచోబెట్టి చెప్పాను. పంపుహౌసు చూసే పై ఇంజనీరుగారికి కూడా నచ్చింది. ఆయన బెంగాలీ పెద్దమనిషి, తక్కువ మాట్లాడతారు, ఏది నచ్చినా కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

గేటు పేజీ నేనే రాశాను. బాబాయ్‌ని పక్కన కూచోబెట్టుకుని మూడు రోజులు అడిగి ఇంగ్లీషులో రాస్తే, ఆఫీసు కుర్రాడొకడు దాన్ని బెంగాలీలో పెట్టాడు. నది మట్టం చూపించడానికి మా కంపెనీ నదిలో ఒక నిలువు గొట్టం పెట్టి, అందులో మీటరు బిగించింది. దాని అంకె తెర మీద కనిపిస్తుంది. "తెర మీద నది మట్టం కాలవ మట్టం కంటే తక్కువ ఉంటే గేటు తెరవవచ్చు" అని మొదటి వాక్యం రాసి, దాన్ని చూసుకుని మురిసిపోయాను. మనం పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా. బాబాయ్ ఆ వాక్యం చూసి ఏదో చెప్పబోయి, "బాగున్నాది. మీదట సూద్దాం," అన్నారు.

వికీ పెట్టిన నెలకి చూస్తే ఏముంది, మావాళ్ళు దాన్ని రిజిస్టరు చేసేశారు. నేను రాసిన వాక్యం ఒక్కటీ ముట్టుకోలేదు. ప్రతి పేజీ అడుగునా తోక పెరిగింది. "పొద్దున ఆరు. పంపు బాగుంది." కింద పొట్టి సంతకం. "మధ్యాహ్నం రెండు. చూశాను, బాగుంది." ఇంకో సంతకం. జనరేటర్ పేజీ కింద ఎవరో "గదిలో పిల్లి ఈనింది, తలుపు మెల్లిగా తీయాలి" అని రాశారు. దాని కింద మూడు షిఫ్టులవాళ్ళూ "చూశాను", "చూశాను", "నాలుగు పిల్లలు" అని రాశారు. నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత మళ్ళీ కోపమే వచ్చింది.

"తప్పుంటే పైన కొట్టేసి సరిగ్గా రాయండి బాబాయ్. ఇందులో ఏదీ పోదు. పేజీకి చరిత్ర ఉంటుంది, పాతదంతా అందులో భద్రంగా ఉంటుంది," అన్నాను.

"నువ్వు రాసింది నానెలగ కొట్టీగలనమ్మా? సెయ్యాడదు."

"ఆడాలి. అందుకే కదా ఇది పెట్టింది."

"కింద రాత్తాను. సదివీవోళ్ళు కిందదాకా సదూకుంటారు."

"ఎవరు చదువుతారు కిందదాకా?"

"మేం సదూతాం గదా," అన్నారాయన. ఆయనకి నిజంగానే నా ప్రశ్న అర్థం కాలేదు.

వానలు మొదలయ్యే ముందు పెద్ద ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. వికీ చూపిస్తానని ఇంజనీరుగారు మాటిచ్చారు. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి కూచున్నాను. పిల్లి పిల్లలున్న పేజీని పెద్దాఫీసువాళ్ళకి చూపిస్తే నా పరువేం కావాలి? ఒక్కో పేజీ తెరవడం, తోక మొత్తం పట్టుకుని తీసేయడం. ఎందుకు మార్చావో రాయమని వికీ ఒక చిన్న గడి ఇస్తుంది. ప్రతిదానికీ అందులో "అనవసరమైనవి తీసేశాను" అని పెట్టాను. సాయంత్రం టీ వేళకల్లా పేజీలన్నీ తలంటు పోసుకున్న పిల్లల్లా ఉన్నాయి.

బాబాయ్ వచ్చి నా వెనక నిలబడి గేటు పేజీని కిందదాకా జరిపి చూశారు. మళ్ళీ పైకి వెళ్ళి, మళ్ళీ కిందకి వచ్చారు.

"అన్నీ సదివి తీసినావా అమ్మా?"

"ఆ," అన్నాను.

చదవలేదు. నాకు బెంగాలీ కూడబలుక్కుని చదవడమే వచ్చు, వాక్యానికి ఒక నిమిషం పడుతుంది. అన్ని పేజీల తోకలు చదవాలంటే నాకు వారం పట్టేది. ఆ ఒక్క అక్షరం అబద్ధం ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

"సదివి తీసినావంటే సరే," అన్నారు బాబాయ్. తనిఖీ కోసం నేను తయారుచేసిన కాగితం మీద, పేజీలన్నీ చూశాననీ సరిగ్గా ఉన్నాయనీ సంతకం కూడా పెట్టారు. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. ఇంజనీరుగారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు.

శ్రావణంలో బాబాయ్ రెండు రోజులు సెలవు పెట్టారు. టికియాపారాలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మేనకోడలి పెళ్ళి. శుభలేఖ నేనే చదివి పెట్టాను. ఆయన బదులు వేరే పంపుహౌసు నుంచి ఒకాయన వచ్చారు. మంచి పనివాడు, నిదానం, ఒక్క మెట్టు కూడా దాటేయని మనిషి. వచ్చీ రాగానే వికీలో గేటు పేజీ చదువుకున్నారు. అది పున్నమి మర్నాడు. మధ్యాహ్నం కుండపోతగా వాన, కాలవ నిండింది. ఆయన తెర మీద చూశారు, నది తక్కువగా ఉంది. పేజీలో రాసింది రాసినట్టు గేటు తీశారు.

నది తక్కువగా లేదు. నిండుగా పోటు మీద ఉంది. గేటు తెరుచుకోగానే వెనక్కి తన్నుకుంటూ కాలవలోకి వచ్చింది. ప్రవాహం మీద పడేసరికి గేటు మళ్ళీ మూసుకోవడానికి చాలా సేపు పట్టింది. ఆలోపల పేటలో మోకాలి లోతు నల్లనీళ్ళు. ఇళ్ళల్లో మంచాల మీద మంచాలు ఎక్కించారు. చిన్నబడిలో కింది అరల్లో పుస్తకాలన్నీ నానిపోయాయి. మా ఆపరేటర్ల క్వార్టర్స్‌లోకీ వచ్చాయి నీళ్ళు. ఎవరి ప్రాణం మీదకీ రాలేదు, అదొక్కటే మా అదృష్టం.

బాబాయ్‌కి ఎవరో ఫోన్ చేశారు. పెళ్ళి చొక్కాతోనే, పాంటు మడిచి, ఆ నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు. ఎవరితో మాట్లాడకుండా గేటు దగ్గరికి వెళ్ళి, గోడ మీద ఎప్పుడో రంగుతో గీసిన కొలతగీతలు చూశారు. తర్వాత ఒక ఇనప ఊచ తీసుకుని మా కంపెనీ గొట్టంలో పొడిచారు. లోపల నుంచి బురద ముద్దలు ముద్దలుగా ఊడింది. తెర మీద అంకె ఒక్కసారి పైకి లేచింది.

"గొట్టం పూడుకుపోతే గంగ పెరిగినా గొట్టంలో నీళ్ళు పెరగవమ్మా. అమాస పున్నాలకి పోటు జాస్తి. బురదెత్తుకొత్తాది," అన్నారు.

నేను ఊగిపోయాను. ఇంజనీరుగారు ఉన్నారు, షిఫ్టువాళ్ళు ఉన్నారు, బయట పేటవాళ్ళు తిట్టిపోస్తున్నారు. "ఇది మీకు ముందే తెలుసా? తెలిసి ఒక్క ముక్క రాయలేదా? రోజూ అడిగానే, తెలిసిందంతా రాయండి, రాయండి అని! పిల్లి ఈనిందని రాయడానికి తీరుబడి ఉంది గానీ ఇది రాయడానికి లేకపోయిందా?" అని అరిచాను. తెలుగులో కాదు, అందరికీ అర్థం కావాలని వచ్చీరాని బెంగాలీలో అరిచాను.

ఆయన నా వైపు చూశారు. ఏదో అంటారనుకున్నాను. "పొరపాటమ్మా," అన్నారు అంతే. ఊచ కడిగి మూల పెట్టారు.

వారం తిరక్కుండా ఆయనకి నోటీసు వచ్చింది. గొట్టం పూడుకుపోతుందని తెలిసీ ఎక్కడా రాసిపెట్టలేదు, పైగా పేజీలు సరిగ్గా ఉన్నాయని సంతకం చేశావు, విచారణకి వచ్చి సంజాయిషీ చెప్పుకో అని. రిటైర్మెంటుకి సరిగ్గా రెండు నెలలుంది. ముప్పై ఏడేళ్ళు మచ్చ లేకుండా చేసిన మనిషి, చివరి పుటలో ఎర్ర సిరాతో ఇంటికి వెళ్ళాలి. పంపుహౌసులో అందరూ గట్టిగా మాట్లాడడం మానేశారు. ఆయన మాత్రం ఎప్పటిలాగే వచ్చి, పంపుల మీద చెయ్యి వేసి వేడి చూసి, కుర్చీలో కూచునేవారు. పై గుండీ తడుముకోవడం మానేశారని నేను గమనించాను. గమనించి కూడా, బాగానే అయింది, రాయమన్నప్పుడు రాయాలి అనుకున్నాను. కోపం అలాంటిది.

నా కంపెనీ నన్నూ ఒక నివేదిక అడిగింది. నాకు చెప్పినదంతా నేను పేజీలో పెట్టాను, చెప్పనిదానికి నాదా బాధ్యత అని రాద్దామని గేటు పేజీ చరిత్ర తెరిచాను. నిజం చెప్పాలంటే నన్ను నేను కాపాడుకోవడానికే తెరిచాను. వికీలో తీసేసినవి ఎర్రగా కనిపిస్తాయి. ఆ శనివారం నాటి నా దిద్దుబాటు తీస్తే తోకంతా ఎర్రగా వచ్చింది. "చూశాను, బాగుంది", "చూశాను, బాగుంది". అన్నిటికీ అడుగున కొంచెం పొడుగు వాక్యాలు. కింద బాబాయ్ పొట్టి సంతకం. కూడబలుక్కుని చదివాను.

"అమావాస్య, పున్నమి వెళ్ళిన రెండు రోజులు నది గొట్టంలో బురద పడుతుంది. తెర మీది అంకెను నమ్మకండి. గోడ మీది గీత కంటితో చూసి గేటు తీయండి. మేడమ్ తర్వాత చూస్తారు."

దాని పక్కనే గడిలో నా మాట, "అనవసరమైనవి తీసేశాను." మేడమ్ తర్వాత చూడలేదు. మేడమ్ తీసేసింది. చదివి తీశానని చెప్పింది. చదువుకున్నపిల్ల చదివి తీసిందంటే ఏదో కారణం ఉండే ఉంటుందని ఆయన ఊరుకున్నారు. ఆ మనిషి మీద పదిమందిలో నేను అరిచాను. మొహం కడుక్కుని వచ్చి కూచున్నాను, మళ్ళీ లేచి కడుక్కున్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన పంపుల గది వెనక మెట్ల మీద కూచుని భోజనం చేస్తున్నారు. నా మొహం చూడగానే తెలిసిపోయింది.

"సూసినావా," అన్నారు.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్? ఆ రోజు అందరిలో అరుస్తుంటే, నేను రాశాను, నువ్వే తీసేశావు అని ఒక్క మాట ఎందుకు అనలేదు?"

"అందరిలోనెలగంటాను? నీకు బాగుంటాదా?"

"చదివి తీశానని అబద్ధం చెప్పాను."

"ఆ పొద్దు నమ్మినాను. వాన పడ్డాక తెలిసినాది." డబ్బా మూత పెట్టారు. "నా మాటిను. విచారనలో నువ్వేటీ సెప్పకు. నానూ సెప్పను. నాకు రెండు నెల్లు. ఏటి సేత్తారు, ఒక గీత గీత్తారు. నీకు బోల్డు కాలం ఉంది. కొత్తలోనే మచ్చ పడితే ఎవులు పని ఇత్తారు?"

నేను ఏమీ అనకపోవడాన్ని ఆయన సరే అనడం కింద లెక్కేసుకున్నారు. నేను కూడా ఆ రాత్రంతా అలాగే లెక్కేసుకోవడానికి చూశాను, అది దాచను. ఆయనే వద్దంటుంటే నాదేం పోయింది అని ఒకసారి, మళ్ళీ ఆ "మేడమ్ తర్వాత చూస్తారు" గుర్తొచ్చి ఒకసారి. తెల్లవారేసరికి వంటింట్లో ఆయన తెచ్చిచ్చిన సాంబారు పొడి డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఎప్పుడు కడిగానో గుర్తులేదు.

సస్పెన్స్ నాకు చేతకాదు, ఫలితం ముందే చెప్పేస్తాను. ఆయన మీద నోటీసు రద్దు చేశారు. రిటైరయిన రోజున ఆయన పుస్తకంలో ఎర్ర సిరా లేదు. నాకు కంపెనీ హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, ఆ సైటు నుంచి తప్పించింది. గొట్టం ఇప్పుడు అమావాస్యకీ పున్నమికీ తీసి కడుగుతారు. ఇక విచారణ రోజు సంగతి.

ఇంజనీరుగారి గదిలో జరిగింది. ముగ్గురు అధికారులు, పక్కన జరిగింది జరిగినట్టు బెంగాలీలో టైపు చేసే గుమాస్తా. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నన్ను సాక్షిగా పిలిచారు, సిస్టమ్ గురించి ఏదైనా అడగాలంటే ఉంటానని. పెద్ద అధికారి నేరుగా అడిగారు. గొట్టం సంగతి నీకు తెలుసా? తెలుసు. ఎక్కడైనా రాశావా?

"లేదు సార్," అన్నారు బాబాయ్, బెంగాలీలో, ఏమాత్రం తడబడకుండా. "రాయడం మర్చిపోయాను. తప్పు నాదే."

గుమాస్తా వేళ్ళు టకటకలాడాయి. ముప్పై ఏడేళ్ళలో ఆ మనిషి రికార్డులోకి ఎక్కించిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది, అదీ నా కోసం. నేను లేచాను. నా కుర్చీ వెనక్కి పడింది. ఆయన రాశారు సార్, నా దగ్గర ఉంది, అన్నాను. లాప్‌టాప్ తెరిచి గేటు పేజీ చరిత్ర వాళ్ళ వైపు తిప్పాను. పెద్ద అధికారి ఆ ఎర్ర వాక్యాలు పైకి చదివారు, "మేడమ్ తర్వాత చూస్తారు" దాకా. తీసిందెవరని అడిగారు. నేను, అన్నాను. ఎందుకు తీశారు? అనవసరమనుకున్నాను. చదివి తీశారా?

"చదవలేదు సార్. చదివానని ఆయనతో అబద్ధం చెప్పాను. ఆ మాట నమ్మే ఆయన సంతకం పెట్టారు."

ఇంజనీరుగారు కళ్ళజోడు తీశారు గానీ తుడుచుకోలేదు. అప్పుడు లేచారు బాబాయ్. ఆయన గొంతు పెంచగా అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. అధికారుల వైపు కూడా చూడలేదు, నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నారు.

"నీకు బుద్దుందేటమ్మా? సెప్పకని సెప్పినానా నేదా? నాకు రెండు నెల్లు మిగిలినాది, మచ్చ పడితే నాతోపాటే ఇంటికొచ్చీసును. నువ్వు ముప్పై ఏళ్ళు మొయ్యాల. ఎవులడిగినారు నిన్ను? నా కడుపున పుట్టినదానివైతే సెంప పగలగొట్టీదును!"

గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమంటున్నావని పెద్ద అధికారి ఆయన్ని అడిగారు. బాబాయ్ చొక్కా సర్దుకుని బెంగాలీలో, "ఇంటి మాట సార్. రాసుకునేది కాదు," అన్నారు. విచారణలో ఇంటి మాటలుండవు, ఇక్కడ అన్నదంతా రాయాల్సిందే అన్నారు అధికారి. బాబాయ్ పెదవి బిగించుకుని కూచున్నారు. అధికారి నా వైపు తిరిగారు. ఆ గదిలో తెలుగు తెలిసిన రెండో మనిషిని నేనే.

నా బెంగాలీ ఎలాంటిదో చెప్పాను కదా. కూడబలుక్కుని చెప్పాను. తనకి రెండు నెలలే ఉంది అంటున్నారు. మచ్చ ఏదైనా పడితే తనతోపాటు ఇంటికి వచ్చేసేది అంటున్నారు. నాకు ఇంకా ముప్పై ఏళ్ళుంది అంటున్నారు. నన్ను చెప్పొద్దని ముందే చెప్పారు, ఎందుకు చెప్పావంటున్నారు. అక్కడిదాకా బాగానే వచ్చి, చివరి మాట మాత్రం మింగేశాను.

"ఇంకా... నా మీద కొంచెం కోపంగా ఉన్నారు," అన్నాను.

"అది కాదు సార్ నేనన్నది," అన్నారు బాబాయ్, నా మాటకి అడ్డంవచ్చి. మళ్ళీ లేచి నిలబడి, శుభ్రమైన బెంగాలీలో, గుమాస్తాకి అందేలాగా మెల్లిగా చెప్పారు. "నా కూతురైతే చెంప పగలగొట్టేవాణ్ణి అన్నాను. కడుపున పుట్టలేదు కాబట్టి చెయ్యెత్తలేదు. మిగతా తిట్లన్నీ కూతుర్ని తిట్టినట్టే తిట్టాను."

టకటక ఆగిపోయింది. గుమాస్తా తలెత్తి అధికారి వైపు చూశాడు. రెండు మాటలు రెండు రకాలుగా ఉన్నాయి, మేడమ్ చెప్పింది ఉంచాలా, ఆయన చెప్పింది ఉంచాలా అని అడిగాడు. పెద్ద అధికారి నన్ను చూశారు.

"ఆయన చెప్పిందే రాయండి," అన్నాను.